బండి ఆగాక మొదలయ్యే వేడి

మే నెల మిట్టమధ్యాహ్నం. నారాయణఖేడ్‌లో ఏదో ఒక ఫంక్షన్ హాలు ముందు కొత్త కారు వచ్చి ఆగుతుంది. హైదరాబాద్ నుంచి ఏసీలో హాయిగా వచ్చినవాళ్లు దిగి, తలుపులేసి, తాళం నొక్కి లోపలికి నడుస్తారు. బండి మాత్రం ఊరుకోదు. బానెట్ కింద ఫ్యాన్ బుస్సుమంటూ తిరుగుతూనే ఉంటుంది. అటుగా వెళ్తున్న పెద్దాయన ఎవరో ఆగి, 'అయ్యో, ఇంజిన్ బంద్ చేసుడు మర్చిపోయినట్టున్నరు' అని లోపలికి కబురు పెడతాడు.

మర్చిపోలేదు. ఇంజిన్ ఆగింది. కానీ దాని వేడి ఆగలేదు. ఆ కారుకు టర్బో ఉంది. టర్బో ఉన్న బండికి అసలు పరీక్ష రోడ్డు మీద కాదు, ఆగాకే!

ఇంతకీ ఏమిటీ టర్బో? మనం పోసిన పెట్రోలులోని శక్తిలో ఇంచుమించు మూడోవంతే బండిని నడపడానికి పనికొస్తుంది. మరో మూడోవంతు వేడి పొగగా సైలెన్సర్ గుండా పోతుంది. ఆ పోయే పొగ దారికి అడ్డంగా ఓ చిన్న చక్రం పెట్టి తిప్పితే? దాని ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని లాగి, కుదించి ఇంజిన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ కాలుతుంది, చిన్న ఇంజిన్ పెద్దదానిలా లాగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో 1962లో కార్లకూ వచ్చింది. మనకు మాత్రం చాలాకాలం 'టర్బో' అంటే లారీల మీద పెద్దక్షరాలతో రాసుకునే మాటే. తర్వాత సఫారీ, స్కార్పియో లాంటి డీజిల్ బండ్లతో ఇళ్ల ముందుకొచ్చింది.

చిన్న పెట్రోలు కార్లకు పాకడానికి ఓ కారణం పన్ను. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గించినప్పుడూ చిన్న కారుకు కొలత అదే. ఇంజిన్ చిన్నదిగా ఉండాలి, బలం మాత్రం పెద్దదిగా కావాలి. అందుకే నెక్సాన్, వెన్యూ లాంటి కార్లలోకి టర్బో చేరింది. లీటరు, లీటరుంబావు ఇంజిన్‌తో అయిదుగురిని, డిక్కీ నిండా సామానును లాగేస్తున్నాయంటే ఆ చలవే. చలవ అన్నాం గానీ, అక్కడుండేదంతా వేడే!

పొయ్యి ఆర్పినా పెనం కాలుతుంది

పెట్రోలు బండిని బాగా తొక్కినప్పుడు టర్బోకు తగిలే పొగ వేడి 900 డిగ్రీలు దాటుతుంది. డీజిల్లో కాస్త తక్కువ, 700-800. చక్రం నిమిషానికి లక్ష నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఇంత వేగంలో ఇరుసును కాపాడేది పలచని ఆయిల్ పొరే. చాలా బండ్లలో చుట్టూ కూలెంట్ కూడా తిరుగుతుంది. బండి నడుస్తున్నంతసేపూ ఇబ్బంది లేదు. ఆయిల్ ప్రవహిస్తుంది, కూలెంట్ వేడిని మోసుకెళ్తుంది, ఎదురుగాలి బానెట్ కింద దూరి వేడిని ఊడ్చేస్తుంది.

ఇంజిన్ ఆపిన క్షణంలో ఈ మూడూ ఒకేసారి ఆగిపోతాయి. ఎర్రగా కాలిన ఇనుము మాత్రం అలాగే ఉంటుంది. పొయ్యి ఆర్పేసినా పెనం మీది జొన్నరొట్టె ఇంకాసేపు కాలుతూనే ఉంటుంది చూడండి, అలాగే టర్బో లోపల నిలిచిపోయిన ఆయిల్ మాడటం మొదలుపెడుతుంది. మాడిన ఆయిల్ గట్టి మసిలా అంటుకుంటుంది. ఒక్కరోజులో ఏమీ కాదు. ఏళ్ల తరబడి ఇలాగే జరిగితే ఆయిల్ దారి పూడుకుపోతుంది, బేరింగ్ అరిగిపోతుంది. ఒకరోజు నీలంరంగు పొగ, ఈల వేసినట్టు చప్పుడు... చిన్న కారులో కూడా కొత్త టర్బో అంటే వేలల్లో బిల్లు, పెద్దవాటిలో లక్ష దాటినా ఆశ్చర్యం లేదు.

అంతే కాదు, బండి ఆగిన కొద్ది నిమిషాలకు బానెట్ కింద వేడి, అది నడుస్తున్నప్పటికంటే పెరుగుతుంది. రబ్బరు గొట్టాలు, వైర్ల మీది తొడుగులు, ప్లాస్టిక్ క్లిప్పులు అన్నీ ఆ వేడిలో మగ్గాల్సిందే. వేసవిలో బయట 43, 44 డిగ్రీలున్నప్పుడు ఆ వేడి దిగడానికీ ఎక్కువసేపు పడుతుంది. కంపెనీలు ఊరికే కూర్చోలేదు. ఇంజిన్ ఆగాక కూడా ఫ్యాను తిప్పడం, చిన్న కరెంటు పంపుతో కూలెంటును టర్బో చుట్టూ తిప్పుతూ ఉండటం... అవన్నీ దీనికోసమే. ఖేడ్ పెద్దాయన విన్నది ఆ చప్పుడే.

ఇక మన వంతు ఎంత? రెండు నిమిషాలు.

సంగారెడ్డి మీదుగా నాందేడ్ వైపు పోయే 161 నంబరు జాతీయ రహదారి ఇప్పుడు నాలుగు వరుసలైంది. కంది నుంచి రాంసాన్‌పల్లి దాకా 40 కిలోమీటర్ల ముక్కను 2024 మార్చిలో ప్రారంభించారు. పాత రోడ్డులో గుంతలు, ఎదురొచ్చే లారీలు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు... టర్బోకు ఊపిరి తీసుకునే తీరిక వాటంతటవే ఇచ్చేవి. ఇప్పుడు వందకు తగ్గకుండా వచ్చి, ధాబా కనిపించగానే పక్కకు తిప్పి ఠక్కున ఆపేస్తున్నాం. టర్బోకు ఇంతకంటే అన్యాయం లేదు. ధాబా దగ్గర పాత లారీ డ్రైవర్లను గమనించండి. బండి ఆపాక ఇంజిన్‌ను కాసేపు అలాగే వదిలి, దిగి టైర్లు ఓసారి తట్టి చూసి, అప్పుడు కట్టేస్తారు. ఎవరో చెప్పారని కాదు, మొదటి టర్బో పోయినప్పుడు నేర్చుకున్న పాఠం.

అలాగని ప్రతిసారీ నిలబెట్టి ఇంజిన్ తిప్పాల్సిన పనిలేదు. అది పెట్రోలు దండగ. చివరి రెండు మూడు కిలోమీటర్లు నిదానంగా వస్తే చాలు. ఖేడ్ వెళ్లేవాళ్లకు ఆ సౌకర్యం దారిలోనే ఉంది. నిజాంపేట దగ్గర (హైదరాబాద్ శివారు నిజాంపేట కాదండోయ్!) హైవే దిగి ఊళ్లోకి వచ్చేసరికి వేగం ఎలాగూ తగ్గుతుంది. హైవే మీదే ఆగాల్సి వస్తే మాత్రం ఒకటి రెండు నిమిషాలు నడవనివ్వండి. సిగ్నల్ దగ్గర తనంతట తానే ఇంజిన్ ఆపేసే సదుపాయం ఉంటే, హైవే దిగేముందు ఆ మీట నొక్కి పక్కన పెట్టండి.

బారాత్‌లో పెళ్లికారు

వేగంతో వచ్చే వేడి ఒకరకమైతే, వేగమే లేకపోవడం వల్ల వచ్చే వేడి ఇంకోరకం. పెళ్లి బారాత్ చూడండి. ముందు బ్యాండు, డీజే, డ్యాన్సులు. వెనక పెళ్లికారు. గంటకు అర కిలోమీటరు నడిస్తే గొప్ప. పట్టుబట్టల్లో ఉన్న వధూవరుల కోసం ఏసీ పూర్తిగా పెట్టి ఉంటుంది. అందం కోసం ముందు జాలీ నిండా బంతిపూల దండలు. జాలీ అంటే బండికి ముక్కు. దాని వెనక ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి నిలబడి గాలి కోసం ఎదురు చూస్తుంటాయి. ముక్కు మూసి పరుగెత్తమంటే ఎలా? పూలు బానెట్ మీద, తలుపుల మీద ఎన్నైనా కట్టుకోండి. జాలీని మాత్రం వదిలేయండి. పార్టీ బోర్డులు, అదనపు లైట్లు బిగించేవాళ్లకూ ఇదే మనవి.

నన్నడిగితే కార్ల కంపెనీలు చేసిన తప్పుల్లో పెద్దది, చాలా చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లు తీసేయడం. పాత బండ్లలో ముల్లు మెల్లగా పైకెక్కుతుంటే డ్రైవరుకు ముందే తెలిసేది. ఇప్పుడు అంతా అయ్యాక ఎర్రదీపం వెలుగుతుంది. వెలిగితే ఏసీ కట్టేయండి, అద్దాలు దించి హీటర్ పూర్తిగా పెట్టండి. ఎండలో హీటరేమిటని నవ్వకండి, ఇంజిన్ వేడిని కొంత అది లాక్కుంటుంది. వీలు చూసుకుని పక్కకు ఆపండి. ఆవిరి కనిపిస్తే వెంటనే ఇంజిన్ కట్టేయాలి.

ఆ తర్వాత చేయకూడని పని ఒకటుంది. రేడియేటర్ మూత తీయడం. మూత బిగించి ఉన్నందువల్లే లోపల ఒత్తిడి పెరిగి, 100 దగ్గర మరగాల్సిన నీళ్లు 120 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉంటాయి. ఆవిరి పోకుండా కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. కనీసం అరగంట ఆగాలి. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించడమూ తగదు, ఇనుము పగులుతుంది.

కూలెంట్ తగ్గితే బోరునీళ్లు పోసేసే అలవాటు మనకు ఉంది. గీజర్ లోపల పేరుకునే తెల్లటి సుద్ద చూశారుగా, అదే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. దారిలో గతిలేక పోసినా, ఇంటికొచ్చాక అది తీయించి కంపెనీ చెప్పిన కూలెంట్ నింపించాలి. ఆయిల్ విషయంలోనూ అంతే. పుస్తకంలో రాసిన రకమే, గడువు దాటకుండా. టర్బో బండికి ఆయిల్‌లో మిగుల్చుకునే నాలుగు వందలు ఆదా కానే కాదు.

సర్వీసులో గలగల శబ్దం వస్తోందని టర్బో మీది వెండిరంగు రేకును ఊడదీసి పక్కన పడేసే మెకానిక్కులున్నారు. అది అలంకారం కాదు, పక్కనున్న వైర్లకు గొడుగు. తిరిగి బిగించమని దగ్గరుండి చెప్పండి. పత్తి దూది, పురుగులు, దుమ్ము పట్టిన జాలీని మెల్లటి నీటిధారతో కడిగించండి. పిచికారీ జోరుగా కొడితే లోపలి సన్నని రేకులు వంగిపోతాయి.

రోడ్డు మీద కంది కట్టె

ఇప్పటిదాకా చెప్పింది బండి నష్టం. ఇది ప్రాణాలకు సంబంధించింది. కోతల కాలంలో కంది, శనగ, జొన్న లాంటి పంటల్ని రోడ్డు మీద పరిచి, పోయే బండ్ల చక్రాలతో నూర్పిడి చేయించుకోవడం మన పల్లెల్లోనూ, పక్కనున్న కర్ణాటకలోనూ ఎప్పటినుంచో ఉంది. కల్లం లేదు, కూలీలు దొరకరు, రోడ్డు ఊరికే దొరుకుతుంది... రైతు ఇబ్బంది రైతుది. కానీ బండి కింద పరిస్థితి మారింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనలకు తగ్గట్టు చాలా బండ్లలో పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌ను టర్బోకు ఆనుకునే పెట్టారు. అది వందల డిగ్రీల వేడిలోనే పని చేస్తుంది. డీజిల్ బండ్లలోనైతే పేరుకున్న మసిని బండి తనకు తాను కాల్చుకునేటప్పుడు అక్కడి వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి మూడొందలు చాలు.

కర్ణాటకలో ఇలా రోడ్డు మీది పంటలోంచి వెళ్లిన కార్లు నిలువునా కాలిపోయిన వార్తలు మళ్లీ మళ్లీ వచ్చాయి. గడ్డి ఇరుసులకు చుట్టుకుంటుంది, వేడి గొట్టానికి తగిలి రాజుకుంటుంది. డ్రైవరుకు తెలిసేసరికి పొగ లోపలికి వస్తుంది. పరిచిన పంట కనబడితే పక్క నుంచి పోయే దారి చూసుకోండి. తప్పక దాని మీద నుంచే పోతే, దాటాక శుభ్రమైన చోట ఆపి కిందికి వంగి చూడండి. ఇరుక్కున్నది కర్రతో లాగేయండి, చేత్తో వద్దు. పొలం గట్టున ఎండుగడ్డి మీద బండి నిలపడం కూడా ఇంతే ప్రమాదం. మాడు వాసన వస్తే ముందు అందరినీ దింపి దూరంగా పంపండి, ఆ తర్వాతే సామాను సంగతి. బానెట్ కింద మంట అనిపిస్తే దాన్ని పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి ఎగదోస్తుంది. 101కు ఫోన్ చేయండి.

ఇంకొకటి. కోతలయ్యాక పొలాల్లో తిండి దొరకని ఎలుకలు ఇళ్లవైపు వస్తాయి. వెచ్చగా ఉంటుందని రాత్రిళ్లు బానెట్ కింద చేరి, గడ్డిపోచలు, గుడ్డపేలికలు తెచ్చుకుని టర్బో పక్కనే గూడు పెడతాయి, వైర్లు కొరుకుతాయి. ఊరెళ్లి నాలుగు రోజులు బండి తీయకుండా ఉంటే, బయల్దేరే పొద్దున ఓసారి బానెట్ ఎత్తి టార్చి వేసి చూడండి. కిందటిసారి తుడిచిన పాతగుడ్డ అక్కడే మర్చిపోయారేమో కూడా అప్పుడే తెలుస్తుంది.