సీడెడ్ అనే విశేషణం

సినిమా వసూళ్ల పట్టికలో ‘నైజాం, సీడెడ్’ అని చదివి, సంజామల విద్యార్థి ఒకడు “సీడెడ్ అంటే విత్తనాల ఏరియానా, సార్?” అని నన్నడిగాడు. నంద్యాల చుట్టూ విత్తనాల వ్యాపారమే గదా, వాడి తప్పేముంది?

ఇంగ్లీషువాడు సైతం నోటి మాటల్లో ఈ విశేషణాన్ని అరుదుగా వాడతాడు. ఇది సంధిపత్రాల మాట. వదులుకొని అప్పగించిన నేల అని అర్థం. 1800లో నిజాం, తనకు కాపలా ఉన్న కుంపిణీ పటాలాల ఖర్చుకింద బళ్ళారి, కడప సీమలను రాసిచ్చాడు. మా సంజామల ఉన్న కోయిలకుంట్ల ప్రాంతమూ అందులో పోయింది. దున్నేవాణ్ణి అడిగినవారు లేరు. అప్పగించినదెవరో ఆ విశేషణమూ చెప్పదు.

దాన్ని ‘దత్తమండలం’ అని తెలుగు చేసిన పండితులు మరీ ఘనులు! బాకీకింద తోలుకుపోయిన గొడ్డును గోదానమంటామా?

ఆ పేరు వద్దనే 1928 నవంబరులో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్నారు. రాజుల పేర్లమీద నాకు మోజు లేదు. అయినా అది మనం పెట్టుకొన్న పేరు.

“వ్యాపారపు గుర్తుకు ఇంత రాద్ధాంతమా?” అంటారు కొందరు మిత్రులు. మరి అదే పట్టికలో కోస్తాను కుంపిణీవారి పేరుతో ‘సర్కార్లు’ అనరేం? గుంటూరు, కృష్ణా, నెల్లూరు అని పేరుపేరునా పిలుస్తారే!

“మన ఊరిని ఇచ్చేసిందెవరు, సార్?” అన్నాడు కుర్రవాడు. పట్టికలో పై గడి చూపించాను.