లాగ్‌బుక్కుకెక్కని లోపాలు

శిక్షణ విమానం సెస్నా 152 టేకాఫ్‌కు ముందు పైలట్ ఇంజిన్‌ను 1700 ఆర్‌పీఎంకు తెచ్చి, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే రెండు మాగ్నెటోలనూ ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించాలి. ఆర్‌పీఎం 125కు మించి పడిపోకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. దాటిందా, విమానాన్ని వెనక్కి తిప్పాలి. లాగ్‌బుక్కులో స్నాగ్ (లోపం) రాయాలి. లైసెన్సున్న ఇంజినీరు సరిచేసి సంతకం పెట్టేదాకా అది నేల విడవకూడదు. ఇందులో సందేహానికి తావే లేదు. కానీ ఆ రెండు ముక్కలు రాయాల్సింది ఎవరు? గంటల లెక్కన ఫీజు కట్టి, కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటల కోసం నెలల తరబడి వరుసలో నిలబడ్డ కుర్రవాడు. రాస్తే విమానం ఆగిపోతుంది, ఫ్లయింగ్ స్కూలుకు ఆదాయం పోతుంది, వెనకున్న తోటి విద్యార్థుల వంతులూ పోతాయి. ‘రాయకు, సాయంత్రం చూద్దాంలే’ అని ఇన్‌స్ట్రక్టర్ అంటే ఎదురు చెప్పే ధైర్యం పద్దెనిమిదేళ్లవాడికి ఎక్కణ్నుంచి వస్తుంది? విమానం ఎగరడానికి పనికొస్తుందో లేదో తేల్చుకునే బాధ్యత మాత్రం నిబంధనలు నడిపేవాడి నెత్తినే పెట్టాయి.

ఇది అతిగా ఊహించిన భయం కాదు. 2025 జూన్‌లో ఢిల్లీ, ముంబయి లాంటి పెద్ద విమానాశ్రయాల్లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) తనిఖీలు చేస్తే, ఒకే లోపం మళ్లీ మళ్లీ తలెత్తుతున్న విమానాలు దొరికాయి. విమాన వ్యవస్థలు తమంతట తామే చూపించిన లోపాలు కూడా టెక్నికల్ లాగ్‌బుక్కులోకి ఎక్కలేదని తేలింది. ఇంతమంది ఇంజినీర్లు, ఇన్ని కళ్లు ఉన్నచోటే పరిస్థితి ఇది. ఊరికి దూరంగా ఒక రన్‌వే, ఒక షెడ్డు, నాలుగు పాత విమానాలతో నడిచే స్కూళ్లలో ఏం రాస్తున్నారో, ఏం దాస్తున్నారో ఎవరు చూస్తున్నారు?

డీజీసీఏ చూడాలి. చూడటం లేదు, చూసేందుకు మనుషులూ లేరు. ఆ సంస్థకు మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ అని పార్లమెంటు స్థాయీ సంఘమే 2025లో ఎత్తిచూపింది. 2023 అక్టోబరులో మహారాష్ట్రలోని బారామతిలో ఒకే సంస్థకు చెందిన రెండు శిక్షణ విమానాలు వారంలోపే కూలాయి. ఆ తర్వాత గాని అక్కడ శిక్షణ ఆపించలేదు. నిర్వహణ బాగుందో లేదో చూడటానికి రెండో విమానం కూలేదాకా ఆగాలా? 2025లో డీజీసీఏ తొలిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులిస్తే ఎ ప్లస్, ఎ గ్రేడుల్లో ఒక్క స్కూలూ లేదు. అయినా స్కూళ్లు పిల్లల్ని చేర్చుకుంటూనే ఉన్నాయి.

నేల మీద రాయని లోపం గాల్లో బయటపడవచ్చు. అక్కడ ఒక సూచిక తేడాగా కనిపిస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2న పావురాలగుట్టలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలడానికి ముందు, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థ సూచికలోని తేడా ఏమిటో తేల్చుకోవడంలోనే పైలట్లకు సుమారు 6 నిమిషాల విలువైన సమయం పోయిందని విచారణ సంఘం రాసింది. కూల్చింది కిందికి తోసిన తీవ్రమైన గాలి, దారి మళ్లకపోవడం మరో తప్పు. కానీ అనుభవమున్న ఇద్దరు పైలట్లకే అంత సమయం పట్టింది. గాల్లో ఒంటరిగా ఉన్న విద్యార్థి సంగతేమిటి?

శిక్షణ విమానానికి రిజిస్ట్రేషన్, ఎయిర్‌వర్తినెస్ సర్టిఫికెట్, ఏటా తీసుకోవాల్సిన సమీక్ష పత్రం, బరువు లెక్కలు, ఫ్లయిట్ మాన్యువల్ అన్నీ ఫైలులో ఉండవచ్చు. నిన్నటి స్నాగ్ అందులో లేకపోతే ఆ ఫైలు నమ్మదగినది కాదు.

పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. ఆయన్ను ఈ పత్రిక అడిగేది మూడు పనులు. డీజీసీఏ ఖాళీలకు గడువు పెట్టి భర్తీ చేయాలి. ప్రతి శిక్షణ విమానం లాగ్‌బుక్కు నకలు అదే రోజు డీజీసీఏకు చేరాలి, ఒకసారి రాసింది చెరిపే వీలు ఉండకూడదు. స్నాగ్ రాసినందుకు విద్యార్థి వంతు వెనక్కి జరిపిన స్కూలుకు అనుమతి రద్దు చేయాలి. వీటిలో మూడోదానికి పైసా ఖర్చు లేదు, రేపే ఉత్తర్వు ఇవ్వవచ్చు.