విత్తనం తీయడమూ వ్రతమే

మాఘ శుద్ధ సప్తమినాడు చిక్కుడు కాయలకు పుల్లలు గుచ్చి రథం కట్టి, చిక్కుడు ఆకులలో పరమాన్నం ఉంచి సూర్యభగవానునికి నివేదించడం తెలుగు లోగిళ్లలో తరతరాల ఆచారం. ఆ రథాన్ని అమర్చే ముచ్చట చాలా ఇళ్లలో పిల్లలదే. అయితే ఆ కాయ ఏ తీగకు కాసిందో, ఆ తీగ ఏ గింజ నుంచి మొలిచిందో వారిలో ఎందరికి తెలుసు? పండుగ ముందురోజు బజారుకు వెళ్లి ఆకులూ, కాయలూ కొని తెచ్చుకుంటున్నాం. పూజకు లోపం రాదు. కానీ పండుగ వెనుకనున్న ఎనిమిది నెలల సాధన పిల్లలకు అందకుండా పోతోంది.

ఆ సాధన జ్యేష్ఠ పౌర్ణమితో, అంటే ఏరువాక పున్నమితో మొదలవుతుంది. తొలకరికి గింజ నాటితే ఆషాఢ శ్రావణాల వానలకు తీగ పందిరెక్కుతుంది. ఆకు ఎంత గుబురుగా పెరిగినా పూత మాత్రం కానరాదు. మన నాటు పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గిన తరువాతే పూస్తుంది. కార్తిక మార్గశిరాలలో పూత, పుష్య మాఘాలలో నిండు కాపు. సూర్యుని గమనాన్ని ఒక తీగ ఇంత శ్రద్ధగా అనుసరిస్తుంటే, దాని కాయలతోనే సూర్యరథం కట్టడం ఎంత సముచితం! ఈ నిరీక్షణను మించిన ఓర్పు పాఠం పిల్లలకు మరొకటి ఉంటుందా?

అయితే పెంచడంతో పని సగమే పూర్తవుతుంది. మిగిలిన సగం విత్తనం తీయడం. వంట కాగానే ఎవరూ రుచి చూడకముందే దేవునికి నైవేద్యం తీసిపెట్టే సంప్రదాయం మనది. విత్తనం విషయంలోనూ అదే నియమం పాటించాలి. అందరూ తినగా మిగిలిన ముదురు కాయలను విత్తనానికి వదలడం సరికాదు. తెగులు సోకని తీగను చూసి, దాని మేలైన కాయలు పదింటికి పసుపు దారం కట్టించండి. ఆ కాయలు ఎవరూ కోయరాదని పిల్లల చేతనే నియమం పెట్టించండి. మంచిదానిని రేపటి కోసం విడిచిపెట్టడమే త్యాగానికి తొలి మెట్టు.

మాఘ ఫాల్గుణ మాసాలలో విత్తనాలు సేకరించి ఎండలో బాగా ఆరబెట్టాలనీ, ఒకే తీరుగా ఉన్న గింజలు మంచి ఫలితమిస్తాయనీ ప్రాచీన గ్రంథమైన కృషిపరాశరం చెబుతుంది. అంటే రథసప్తమి కాలమే విత్తన సేకరణ కాలం కూడా. కాయలు తీగ మీదనే ఎండి, ఊపితే గలగలమనే వరకు ఆగాలి. ఆపై గింజలు ఒలిచి, రెండు మూడు రోజులు ఎండబెట్టి, చల్లారాక పొడి బూడిదతోగాని, ఎండిన వేపాకుతోగాని కలిపి బిగుతైన మూత ఉన్న సీసాలో భద్రపరచాలి. సీసాపై రకం పేరు, తీసిన మాసం పిల్లల చేత రాయించండి.

తిరుమలలో శ్రీవారి బ్రహ్మోత్సవాలు అంకురార్పణతోనే మొదలవుతాయి. మట్టిని సేకరించి పాలికలలో నవధాన్యాలు చల్లుతారు. మన పెళ్లిళ్లలోనూ పాలికలున్నాయి. శుభకార్యానికి ముందు మొలకను చూడడం మన పద్ధతి. ఏరువాకకు ముందు మీ ఇంటిలోనూ పది గింజలు తడిగుడ్డలో చుట్టి ఉంచండి. ఎనిమిదో తొమ్మిదో మొలిస్తే ఆ విత్తనం నమ్మదగినదే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కొన్న ప్యాకెట్‌పై హైబ్రిడ్ అని ఉంటే, దాని కాపు నుంచి తీసిన గింజలు తల్లి మొక్క గుణాలను నిలకడగా ఇవ్వవు. కనుక నాటు విత్తనం సంపాదించండి. బీర, సొర, గుమ్మడి పూలపై తేనెటీగలు వాలి పక్క రకాల పుప్పొడిని కలుపుతాయి. చిక్కుడు, అలసంద, టమాటా చాలావరకు తమ పుప్పొడితోనే కాస్తాయి. పిల్లలతో మొదలుపెట్టడానికి ఇవే అనువైనవి.

ఇంటి స్థలమే లేదంటారా? ఎండ పడే బాల్కనీలో ఒక పాత బకెట్, అడుగున రంధ్రాలు, మట్టిలో కొంత పశువుల ఎరువు, పాకడానికి ఒక తాడు చాలు. బజారులో అన్నీ దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకంటారా? బజారులో దొరికేది అమ్ముడుపోయే రకమే. మీ అమ్మమ్మగారి పెరట్లో కాసిన రకాన్ని ఎవరూ దాచకపోతే, ఎంత ధనం పోసినా అది తిరిగి రాదు. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతపు గిరిజన మహిళ రాహీబాయి పోపెరె చిక్కుడుతో సహా అనేక నాటు రకాలను కాపాడినందుకు 2020లో పద్మశ్రీ వరించింది. మన జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు సంక్రాంతి వేళ విత్తనాలను ఎడ్లబండ్లపై ఊరూరా ఊరేగించి పాత పంటల జాతర చేస్తూ వచ్చారు. విత్తనానికి వారు చేసింది ఉత్సవమే కదా!

చివరిగా ఒక మాట. తీసిన విత్తనమంతా మీ ఇంట్లోనే ఉంచుకోకండి. ఒక గుప్పెడు ఇరుగుపొరుగుకు, ఒక గుప్పెడు బంధువులకు పిల్లల చేత ఇప్పించండి. ఏదో ఒక ఏడు మీ తీగ తెగులుకో, గాలివానకో పోయినా, మీరిచ్చిన గింజ మరొకరి పందిరి మీద బతికే ఉంటుంది. అడిగితే అది తిరిగి మీ ఇంటికి వస్తుంది. దానం చేసినది తరగదని పెద్దలు చెప్పే మాటను పిల్లలు కళ్లారా చూస్తారు.