మైదానంలో స్ట్రాబెర్రీ: వేడి తగ్గితేనే మందు తగ్గుతుంది

లంబసింగి తోటలు చూసొచ్చిన రైతులు "మా ఊళ్లో పాలీహౌస్ వేస్తే స్ట్రాబెర్రీ పండదా?" అని అడుగుతున్నారు. చలికాలంలో పండించవచ్చు. కానీ లంబసింగికి చలినిచ్చేది కొండ ఎత్తు. మైదానంలో మూసి ఉంచిన పాలీహౌస్ చలినివ్వదు, వేడిని పట్టి ఉంచుతుంది.

ఆ వేడి, పొడి గాలికి ఆకుల అడుగున ఎర్రనల్లి పెరుగుతుంది. ఘాటైన మందు కొడితే నల్లిని తినే మిత్రపురుగులూ చస్తాయి. కొన్నాళ్లకే నల్లి రెట్టింపై మళ్లీ వస్తుంది. పైగా ఇది తొక్క తీయకుండా తినే పండు.

అందుకే పక్క తెరలు పైకి చుట్టేలా కట్టించుకోండి. పూత సమయంలో పగలు తెరిస్తే తేనెటీగలు వచ్చి కాయ వంకర లేకుండా కడుతుంది. వానలు తగ్గాక, అక్టోబరులో వింటర్ డాన్ వంటి రకాలను ఎత్తుమడులపై, మొవ్వు మట్టిలో కూరుకుపోకుండా నాటండి. మల్చింగ్ షీటు పరచి డ్రిప్పుతోనే నీరివ్వండి. ఆకులు, కాయలు తడిగా ఉంటే బూజు తెగులు వస్తుంది.

వారానికి రెండుసార్లు ఆకు తిప్పి చూడండి. నల్లి పట్టిన ఆకులు తుంచి దూరంగా పూడ్చేయండి. అప్పటికీ తగ్గకపోతే సాయంత్రం వేళ వేపనూనె పిచికారీ చేయండి. ఎండలు ముదిరితే పంట ముగించండి, మందులతో సాగదీయకండి.

మొదటి ఏడాదే అప్పు చేసి ఎకరం పాలీహౌస్ వేయవద్దు. ఐదు సెంట్లలో షేడ్‌నెట్ కింద పండించి చూడండి. పండు రెండు మూడు రోజులకు మించి ఆగదు కాబట్టి, కొనేవారిని ముందే చూసుకోండి.