ఆరు బెజ్జాలు, ఐదు కోణాలు

ఈ నెల వంటింటి కబుర్లు కాసేపు పక్కన పెడదాం. ఈ శీర్షిక చదివేవాళ్లలో చాలామంది బీఎస్సీలు, బీటెక్‌లు చేసి, వీసా పుణ్యమా అని ఇంట్లో ఉన్నవాళ్లేనని నాకు తెలుసు. అందుకే లెక్కలకి దడుచుకోరన్న ధైర్యంతో రాస్తున్నాను.

మా అబ్బాయి స్కూల్లో రోబోటిక్స్ టీమ్‌కి సాయంగా వెళ్తుంటాను. సాయమంటే ఇన్నాళ్లూ పిజ్జాలు తెచ్చిపెట్టడమే. పోటీ మూడు వారాలుందనగా, చక్రానికి బిగించే అల్యూమినియం ప్లేటు తయారై వచ్చింది. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న వలయం మీద ఆరు బెజ్జాలు. కొనుక్కొచ్చిన హబ్‌కి దాన్ని ఆరు బోల్టులతో బిగించాలి. ప్లేటుని అటూ ఇటూ తిప్పి మూడు బోల్టులు ఎలాగో దింపారు. నాలుగోది ససేమిరా అంది.

డ్రాయింగ్ గీసింది మన తెలుగమ్మాయే, పదకొండో క్లాసు. "షాపాయనే పాడుచేశాడు ఆంటీ" అంది కళ్లనీళ్లతో. ఆ షాపాయన డబ్బు తీసుకోకుండా పిల్లల కోసం చేసిపెట్టిన పెద్దమనిషి. కోచ్ అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. ఒక్క పది నిమిషాలు ఆగండి, ముందు కొలుద్దాం అన్నాను.

చిన్నప్పుడు కంపాస్‌తో ఆరు రేకుల పువ్వు గీసేవాళ్లం, గుర్తుందా? వృత్తం గీసి, ముల్లుని అంచు మీద పెట్టి, అదే కొలతతో చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే ఆరో గుర్తు సరిగ్గా మొదటి చోటికే వచ్చేది. 60 డిగ్రీల దగ్గర జ్యా పొడవు వ్యాసార్ధానికి సమానం కాబట్టి. అంటే మా ప్లేటులో పక్కపక్క బెజ్జాల కేంద్రాల మధ్య సరిగ్గా 50 మిల్లీమీటర్లు ఉండాలి. కాలిపర్‌తో చూస్తే ఐదు చోట్ల 50.23 వచ్చింది, ఆరో చోట 48.86. సైన్ పట్టిక వెనక్కి తిప్పితే ఐదు కోణాలు 60.3 డిగ్రీలు, చివరిది 58.5. కంపాస్ ఒక వెంట్రుక వాసి ఎక్కువ తెరుచుకుంటే పువ్వులో చివరి రేకు ఇరుకైపోయేది చూడండి, అదే ఇది.

ఇప్పుడు డ్రాయింగ్ చూశాం. ఒక బెజ్జం నుంచి తర్వాతి బెజ్జానికి 60°, అక్కణ్ణుంచి ఇంకో 60°, ఇలా గొలుసులా ఐదుసార్లు రాసి ఉంది. కింద మూల గడిలో, విడిగా చెప్పని కోణాలన్నిటికీ తేడా ±0.5° వరకు ఉండొచ్చని ఉంది. అంటే 60.3 తప్పు కాదు! ఐదింటికి ఐదూ హద్దులోనే ఉన్నాయి. ఆరో సందుకి కొలతే లేదు, కాబట్టి ఐదు తేడాలూ వెళ్లి దాని నెత్తిన పడ్డాయి. ఆ డ్రాయింగ్ ప్రకారం అది 57.5 నుంచి 62.5 వరకు ఎంతైనా ఉండొచ్చు. ఆయన కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేశారు. కోచ్ ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

అమ్మాయి తెలివైనది. "అయితే ±0.1 అని రాస్తే పోతుంది కదా" అంది. కొంతవరకే. డిగ్రీతో ఒక చిక్కుంది. సీలింగ్ ఫ్యాను రెక్క మధ్యలో కాస్త కదిలితే కొసన ఎంత కదులుతుందో చూశారుగా. అర డిగ్రీ అంటే కేంద్రానికి 50 మిల్లీమీటర్ల దూరంలో 0.44 మిల్లీమీటర్లు, 500 దూరంలో 4.4. బోల్టుకి డిగ్రీలు తెలియవు, దానికి కావలసింది మిల్లీమీటర్లలో చోటు. ఎం6 బోల్టుకి 6.6 బెజ్జం పెడితే దొరికే వదులు మొత్తం 0.6.

అందుకే పద్ధతి మార్చాం. కోణాన్ని "6× 60°" అని ఒక్కసారే రాసి చుట్టూ గడి కట్టాం. అమెరికాలో వాడే ఏఎస్ఎంఈ వై14.5 ప్రమాణంలో ఇలా గడి కట్టిన కొలతని బేసిక్ డైమెన్షన్ అంటారు. మూల గడిలోని ±0.5 దానికి వర్తించదు. ప్రతి బెజ్జమూ ఖచ్చితంగా ఉండాల్సిన చోటు ఏదో అది చెబుతుంది, పక్క బెజ్జంతో పేచీ లేదు. ఎంత తప్పొచ్చో చెప్పేది పొజిషన్ గుర్తున్న వేరే గడి. అందులో 0.3 వ్యాసం రాశాం. వదులు 0.6 ఉన్నా అంతా మనమే మింగేస్తే ఎలా, హబ్ బెజ్జాలకీ కొంత వదలాలి కదా. ఇక ఒక బెజ్జం తేడా ఇంకోదాని మీద పడదు.

కొత్త కాగితం పట్టుకుని అమ్మాయీ నేనూ షాపుకి వెళ్లాం. ఆయన కళ్లజోడు పైకి తోసి చూసి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు. మధ్య బెజ్జంలో కీ కూర్చునే గాడి ఉందిగా, ఆ గాడికి ఎదురుగా బెజ్జం రావాలా, రెండు బెజ్జాల మధ్య రావాలా అని. నిజమే, కొలతలు ఎక్కణ్ణుంచి మొదలో చెప్పకపోతే ఆరూ కలిసికట్టుగా ఎటు తిరిగి ఉన్నా డ్రాయింగ్ ఒప్పుకుంటుంది. అమ్మాయి అక్కడే బల్ల మీద కాగితం పెట్టి, గాడిని కూడా డేటమ్‌గా గుర్తు పెట్టి ఇచ్చింది. గురువారం ఇస్తానన్నారు.