పేరులేని పేరంటాలు



వేసవి ఊరగాయలను గూర్చి ఈ నెల వ్రాయుదునని గడచిన నెల మాట యిచ్చితిని. మాట తప్పుచున్నందులకు మన్నింపుడు. మామిడికాయ యింకను ముదురలేదు గనుక ఆ సంగతి ఒక నెల ఆగగలదు. నా మనస్సున మెదలుచున్న సంగతి మాత్రము ఆగకున్నది. దానిని మీతో చెప్పుకొననిదే మఱియొకటి వ్రాయుటకు చేయి సాగుటలేదు.

దీనికి మొదలు మా ఆడపడుచుగారి అమ్మాయి పంపిన ఉత్తరము, చిత్రములును. ఆ అమ్మాయి కాపురము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున. ఒక శని ఆదివారములలో భార్యాభర్తలు పిల్లలను వెంటబెట్టుకొని సమీపమునందలి చిన్నయూరికి ఉత్సవము చూడబోయిరట. అది నార్వే దేశమునుండి వలస వచ్చినవారి సంతతివారు చేసికొను ఉత్సవము. నార్వేనుండి తొలి వలసగుంపు చిన్న యోడలో అమెరికాకు బయలుదేరినది 1825వ సంవత్సరమున. ఆ పిమ్మట నూఱేండ్లలో సుమారు 8 లక్షలమంది ఆ దేశమును విడిచి వచ్చిరి. కొండల నడుమ సాగునేల చాలక బ్రతుకుదెరువు వెదకుకొనుచు వచ్చినవారే వారిలో పలువురు. వారి మునిమనుమలలో పెక్కుమందికి నేడు ఆ భాష రాదు. అయినను పండుగనాడు అవ్వలనాటి కుట్టుపని గల దుస్తులు తొడిగికొందురు. ఉడికిన బంగాళాదుంపను పిండితో కలిపి, గాళ్ళుగల అప్పడాలకఱ్ఱతో పలుచగా నొత్తి, గుండ్రని పెనముమీద కాల్చి, పొడవైన బద్దతో త్రిప్పి, వెన్నయు చక్కెరయు రాచి చుట్టి పెట్టుదురు. దానిపేరు లెఫ్సె. ఎండుచేపను క్షారజలమున నానవేసి, మరల మంచినీట పలుమారులు నానవేసి వండెడు వంటకము మఱియొకటి గలదు. దాని వాసనకు మా పిల్లలు ముక్కు మూసికొని పరుగెత్తిరట!

"అత్తయ్యా! ఒక ముసలామె ఆ బద్ద నా చేతికిచ్చి రొట్టె త్రిప్పుట నేర్పినది. మన పూతరేకు నాకు చేయరాదని అప్పుడు సిగ్గువేసినది" అని ఆ అమ్మాయి వ్రాసినది.

నేను ఆ యుత్తరము చదివి వినిపింపగా మా అత్తగారు నవ్వి, "అది అంత దూరమున నుండి సిగ్గుపడుచున్నది. చింతలపూడిలో కూర్చుండి కొల్లేటికోట తీర్థము చూడని కోడలు ఎంత సిగ్గుపడవలెనో!" అనిరి. ఆ మాట నాకు తగిలినది. మా అత్తగారి పుట్టిల్లు కొల్లేటి లంకలలో నొకటి. నేను కాపురమునకు వచ్చి యిరువదియేండ్లైనను, పెద్దింట్లమ్మవారి జాతర ఒక్కమారైనను చూచి యెఱుగను. అప్పుడు ఫాల్గుణము నడచుచుండెను. శుద్ధ పాడ్యమినుండి పున్నమవఱకు అక్కడ తీర్థము. ఆ శనివారమే మా అత్తగారు, మావారు, పదియేండ్ల మా అమ్మాయి, నేను బయలుదేరితిమి.

మా చింతలపూడికిని కొల్లేటికిని గల చుట్టఱికము నీటివలన గలిగినది. మా మండలములోనే నాగిరెడ్డిగూడెము కడ తమ్మిలేటికి కట్టిన జలాశయమున్నది. ఆ తమ్మిలేరు ఏలూరి ప్రక్కగా పోయి కొల్లేట గలియును. బుడమేరు, రామిలేరు, గుండేరు మొదలగునవియు అక్కడికే చేరును. కృష్ణా గోదావరీ డెల్టాల నడిమి పల్లమున నున్న యా సరస్సు వరదనీటిని కడుపున బెట్టుకొని, మెల్లమెల్లగా ఉప్పుటేటి మార్గమున సముద్రమునకు పంపును. ఏలూరు కడ వంతెన దాటునపుడు తమ్మిలేట ఇసుకతప్ప నీరు కానరాలేదు. మా అత్తగారు మనుమరాలికి దానిని చూపి, "మీ యూరి నీరు మా యూరికి కాపురమునకు పోవును. నేను మా యూరినుండి మీ యూరికి కాపురమునకు వచ్చితిని. వియ్యమునకు వియ్యము సరిపోయినది" అనిరి.

సాయంకాలమునకు కైకలూరు చేరి, ఆ ప్రక్కనే యున్న ఆటపాక పక్షికేంద్రము చూచితిమి. నీటినడుమ నిలిపిన ఇనుప మంచెలమీద గూడబాతులు గుంపులు గుంపులుగా గూళ్ళు పెట్టియున్నవి. తల్లిపక్షి సంచివంటి ముక్కు తెఱచినంతనే పిల్లలు తల లోపల దూర్చి మేత నందుకొనుట చూచి మా అమ్మాయి చప్పట్లు కొట్టెను. చెట్లు తగ్గిన చోట మనుష్యులు ఇనుముతో కొమ్మలు చేసిపెట్టిరి. పక్షులు వానినే కొమ్మలనుకొని సంసారము సాగించుచున్నవి. అది చూచి సంతోషింపవలెనో విచారింపవలెనో నాకు తోచలేదు.

ఆ రాత్రి మా అత్తగారి అన్నగారి కుమారుని యింట బసచేసి, ఆదివారము తెల్లవారుజామున కొల్లేటికోట చేరితిమి. త్రోవపొడుగునను జనమే. తలపై బుట్టలతో నడచువారు, ఆటోలలో క్రిక్కిఱిసి కూర్చున్నవారు, చంకబిడ్డలతో తల్లులు. పూర్వము ఈ లంకకు పడవలే గతి యట. "తాటిదోనెలో మా అమ్మ ఒడిలో కూర్చుండి వచ్చెడిదానను. చేయి క్రిందికి చాచిన నీరందెడిది, దాహమైన ఆ నీరే త్రాగెడివారము" అని మా అత్తగారు చెప్పుచుండిరి.

అమ్మవారి విగ్రహము కూర్చున్న భంగిమలోనే మనిషి నెత్తును మించియున్నది. ఆ విశాలనేత్రములు చూచినవారు మఱవలేరు. గర్భాలయమున భయము, చనువు రెండును కలిసినట్లుండును. ఆడవారు పసుపు, కుంకుమ, గాజులు, చీర, రవికలగుడ్డ పట్టుకొని, పెద్ద ముత్తైదువ యింటికి పేరంటమునకు పోయినట్లే లోపలికి పోవుచున్నారు. "మా అమ్మాయికి నెలలు నిండినవి తల్లీ", "మావాడు మందు మానినాడు తల్లీ" అని ఇరుగుపొరుగు అమ్మతో చెప్పినట్లు చెప్పుకొనుచున్నారు. ఇదే జాతరలో జలదుర్గకును గోకర్ణేశ్వరస్వామికిని కల్యాణము జరుగును. నీటి నడుమ బ్రతుకువారికి దుర్గ జలదుర్గయే కావలెను గదా!

వెలుపల వందల పొయ్యిలు. వేడినైవేద్యమన అక్కడనే వండి, పొగలుండగానే అమ్మవారికి చూపవలెను. మేమును మూడు రాళ్ళు కూర్చి పొంగలి యెక్కించితిమి. తడి పుల్లలు రాజక నేను కన్నీళ్ళతో ఊదుచుండగా, ప్రక్క పొయ్యి యామె అడుగకయే తన నిప్పునుండి ఒక కొఱవి తెచ్చి పెట్టినది. మా ఆడపడుచు కూతురి చేతికి బద్ద యిచ్చిన ముసలామె నాకు జ్ఞాపకమునకు వచ్చినది.

పొంగలి ఉడుకుచుండగా మా అత్తగారు మనుమరాలికి కోటకథ చెప్పిరి. వెనుక ఈ లంకమీద లాంగూల గజపతి యను ఒడ్డెప్రభువు కోట కట్టెనట. శత్రుసైన్యము వచ్చి ఒడ్డున విడిసెను. చుట్టును నీరుండగా కోట చిక్కదు. అందుచే వారు సముద్రమువైపు కాలువ త్రవ్వి, కొల్లేటి నీటిని దింపివేయ జూచిరి. ఆ కాలువయే ఉప్పుటేరందురు. కోటలోనివారు దిక్కుతోచక దేవతలను మెప్పింపదలచి ఒక కన్నెను బలియిచ్చిరి. బలియిచ్చినది ఆ కన్నెను కన్నతండ్రియే. అతడు రాజని కొందఱు, సేనాపతియని కొందఱు చెప్పుదురు. ఆమె పేరంటాలైనది గనుక ఆ కాలువకు పేరంటాలకనుమ యని పేరు వచ్చినదట.

మా అమ్మాయి గరిటె పట్టుకొని ఆలకించుచు, "నాయనమ్మా! పేరంటాలనగా పేరంటమునకు వచ్చినామె కదా! ఆ పిల్ల పేరేమి?" అని అడిగెను.

మా అత్తగారు జవాబు చెప్పలేదు. కొఱవి తెచ్చిన యామెను చూచిరి. ఆమెయు తల యడ్డముగా నూపెను. ఆ లంకలలోనే పుట్టి పెరిగిన ఇంకొక వృద్ధురాలిని అడిగితిమి. ఆమెకును తెలియదు. రాజు పేరు నిలిచినది. కోట పేరు నిలిచినది. శత్రువులు విడిసిన చిగురుకోట పేరును నిలిచినది. పిల్ల పేరు మాత్రము లేదు.

"పేరు పెట్టిన తల్లికి తెలిసియుండును. కథ చెప్పినవారు ఆ తల్లిని అడుగలేదు" అనిరి మా అత్తగారు చాలసేపటికి.

అరువదియేండ్లుగా తాము చెప్పుచున్న కథలో ఈ లోటు తమకును ఎన్నడు తోచలేదని పిమ్మట నాతో రహస్యముగా ఒప్పుకొనిరి.

నైవేద్యమైన తరువాత నీటియొడ్డునకు పోయితిమి. మా అత్తగారు వంగి దోసిట నీరు తీసికొనిరి. చిన్ననాటి అలవాటున నోటిదాక తెచ్చి, ఆగి, తలపై చల్లుకొని మిగిలినది విడిచిరి. మా వెనుక ఒక అంగడిలో డబ్బాలనీరు అమ్ముచున్నారు. మేము త్రాగినది ఆ నీరే.

కొల్లేటి కథ మీలో చాలమంది వినియే యుందురు. 1970వ దశకమునుండి సరస్సులో గట్లు వేసి చేపలచెఱువులు త్రవ్విరి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడినవి. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చినది. 2006లో ప్రభుత్వము ఎన్నియో చెఱువుల గట్లు పగులగొట్టించినది. మంచినీరు తగ్గినపుడు ఉప్పుటేటి వెంట సముద్రపునీరు ఎదురెక్కి వచ్చును. ఆనాడు కొల్లేటి నీరు దింపజూచినవాడు శత్రువని కథ చెప్పుచున్నాము. మఱి నేడు దానిని కుదించుచున్నవారిని ఏమందుము? తొందరపడి తిట్టలేను. మేము శనివారమురాత్రి అన్నము తిన్న యింటికి ఆధారము ఒక చేపలచెఱువే. ఆ యింటి యాడపిల్లల చదువులు దానిమీదనే సాగుచున్నవి. ఆ యిల్లాలు నాతో, "మా చెఱువు తీసివేసిన మేమెట్లు బ్రతుకుదుము, వదినా? ఉంచిన ఈ నీరెట్లు బ్రతుకును?" అన్నది. రెండు ప్రశ్నలును ఒక్క నోటనే వచ్చినవి. ఆమె మాటను చట్టము చేయువారు వినవలెనని నాకు తోచినది.

అక్కలారా! పెద్దలిచ్చిన దంతయు బంగారమే యనువారు కొందఱు. అంతయు చెత్తయే యనువారు కొందఱు. మనము వంటింటివారము. బియ్యమును చేట నిడి చెరుగకుండ ఎసట పోయము. రాళ్ళున్నవని బియ్యమును పాఱబోయము. నార్వేవారి మునిమనుమలు ముక్కు మూసికొనదగిన చేపవంటకమును గూడ దాచక వడ్డించి, పూర్వులు తినినది ఇదియేయని పిల్లలకు చెప్పుదురు. మనమును మన కథలను ఉన్నవి యున్నట్లు చెప్పవలెను. వేడినైవేద్యము చేయుట నేర్పుదము. అడుగకయే కొఱవి యిచ్చుట నేర్పుదము. బలియైన పిల్ల కథ వచ్చినపుడు అది ఘనకార్యమని చెప్పక, పిల్ల పేరు మఱచితిమనియు, అది మన తప్పే యనియు చెప్పుదము.

తిరుగు ప్రయాణమునకు ముందు మా అమ్మాయి గాజుల అంగడి కడ నిలిచి రెండు జతలు కొనిపించుకొన్నది. ఒక జత తనకు. రెండవది కోటలోని పిల్లకట. నీటిలో విడువబోవగా మా అత్తగారు చేయి పట్టుకొని, "వద్దు తల్లీ. ఈ నీటిలో ఇప్పటికే చాల వేసినారు. ఎవరైన నీయీడు పిల్లకు తొడుగుము. కాని, ముందుగా ఆ పిల్ల పేరడుగుము" అనిరి.

జీళ్ళమ్మెడు ఆమె ప్రక్కన ఒక పిల్ల కూర్చుండి చిల్లర లెక్కించుచున్నది. మా అమ్మాయి పోయి పేరడిగెను. ఆ పిల్ల సిగ్గుపడి, తల్లివైపు చూచి, మెల్లగా చెప్పెను. చింతలపూడి చేరువఱకు మా అమ్మాయి ఆ పేరును పలుమారులు తనలో తాను అనుకొనుచునే యున్నది.

మీ యూరి గ్రామదేవత కథ మీ యింటి పెద్దల నడిగి వ్రాసి పంపుడు. అందులో పేరులేని స్త్రీ యున్నచో, అదియు తప్పక వ్రాయుడు. వచ్చే నెల ఆవకాయ.