పద్దు మారితే చాలదు, పహరా కావాలి

2023 జూన్ 30 దాకా హెచ్‌డీఎఫ్‌సీ ఇంటి రుణాలకు అంతర్జాతీయ ప్రమాణాలను అనుసరించే ఇండ్‌ఏఎస్ ప్రకారం లెక్కలు కట్టారు. మర్నాడు ఆ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమైంది. అంతే, అవే రుణాలు బ్యాంకులు ఇంకా పాటిస్తున్న పాత పద్ధతి పద్దుల్లోకి వెళ్లాయి. అప్పు తీసుకున్నవారు మారలేదు, వాయిదాలూ మారలేదు. నష్టాన్ని ఎప్పుడు గుర్తించాలన్న నియమం మాత్రం మారింది. అంతర్జాతీయ ఆర్థిక నివేదిక ప్రమాణాలను (ఐఎఫ్‌ఆర్‌ఎస్) మనం సగం దారిలోనే ఆపేశామనడానికి వేరే రుజువెందుకు?

ఐరోపా సమాఖ్య 2005లో స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలకు ఈ ప్రమాణాలను తప్పనిసరి చేసింది. మనం కొన్ని మార్పులతో ఇండ్‌ఏఎస్‌గా మలచుకుని, 2016 ఏప్రిల్‌లో రూ.500 కోట్లు, ఆపైన నికర విలువ ఉన్న కంపెనీలతో మొదలుపెట్టాం. విదేశీ మదుపరులు మన లెక్కలను తేలిగ్గా పోల్చుకోగలిగితే పెట్టుబడి చౌకగా దొరుకుతుందన్నది ఆశ. ఐరోపా అనుభవం ఆ ఆశకు ఒక షరతు పెడుతోంది. క్రిస్టెన్సెన్, హేల్, ల్యూజ్ 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, షేర్ల క్రయవిక్రయాలు సులువైంది ప్రధానంగా 5 దేశాల్లోనే. కొత్త ప్రమాణాలతో పాటే పర్యవేక్షణనూ బిగించిన దేశాలవి.

ఈ సంగతి హైదరాబాద్‌కు ఒకరు చెప్పాలా? ఆ నగరానికి చెందిన సత్యం కంప్యూటర్స్ న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో నమోదై, అమెరికా ప్రమాణాల ప్రకారమూ లెక్కలు చూపిన సంస్థ. పుస్తకాల్లో ఉన్న రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనేలేవని 2009 జనవరి 7న దాని ఛైర్మనే లేఖ రాశారు. ఆ నిల్వలున్నాయో లేదో ఆడిటర్లు నేరుగా బ్యాంకులను అడిగి నిర్ధారించుకోలేదు. ఆడిటర్లపై నిఘాకు జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ (ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ) ఏర్పడింది 2018లో!

ఇక బ్యాంకుల సంగతి. పాత పద్ధతిలో వాయిదా 90 రోజులు దాటితేనే అది మొండి బకాయి. పెద్ద కేటాయింపులు అప్పుడు మొదలవుతాయి. కొత్త పద్ధతిలో అప్పు ఇచ్చిననాడే రాబోయే నష్టాన్ని అంచనా వేసి కొంత సొమ్ము పక్కన పెట్టాలి. పెద్ద బ్యాంకింగేతర సంస్థలు 2018 నుంచే ఇలా చేస్తున్నాయి. బ్యాంకులకు మాత్రం రిజర్వు బ్యాంకు ముందు ఏడాది గడువిచ్చి, 2019 మార్చిలో నిరవధికంగా వాయిదా వేసింది. చట్ట సవరణ జరగలేదన్నది చెప్పిన కారణం. 2018 మార్చి నాటికి బ్యాంకుల రుణాల్లో మొండి బకాయిలు 11 శాతం దాటాయి. కొత్త లెక్క తీస్తే ప్రభుత్వ బ్యాంకులకు ఇంకెంత మూలధనం పోయాలోనన్న బెంగ కూడా ఆ వాయిదా నిర్ణయం వెనుక ఉందని నా అనుమానం.

2025 అక్టోబరు నాటి ప్రతిపాదనలో రిజర్వు బ్యాంకు కొత్త పద్ధతికి 2027 ఏప్రిల్ 1ని ముహూర్తంగా పెట్టింది. ఒక్కసారిగా పడే భారాన్ని 2031 మార్చి దాకా సర్దుకోవచ్చంది. కొత్త పద్ధతి వస్తే, మాంద్యం సూచనలు కనబడగానే బ్యాంకులు చిన్న వ్యాపారులకు అప్పులు బిగిస్తాయన్న భయం ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు, కానీ ఆ సర్దుబాటు వ్యవధి ఉన్నది కొంతవరకు అందుకే. నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరు: నష్టాన్ని అంచనా కట్టే నమూనాలు తయారుచేసేదీ బ్యాంకులే, ఆ అంచనాతో లాభం పెరిగేదీ తరిగేదీ వాటికే. ఆ నమూనాలను విప్పి చూడగల నిపుణులను రిజర్వు బ్యాంకు ఇప్పటినుంచే సమకూర్చుకోవాలి. ఈసారి గడువును మాత్రం జరపకూడదు.